గళం వెంట గిటారు

స్పెయిన్ దేశపు దక్షిణ భాగాన ఉన్న ఆండలూసియా ప్రాంతం ఫ్లమెంకో అనే కళకు పుట్టినిల్లు. సెవిల్, హెరెస్, కాదిజ్, గ్రనాడా, మాలగా మొదలైన పట్టణాలలో, ముఖ్యంగా అక్కడి జిప్సీ కుటుంబాలలో, ఈ కళ తరతరాలుగా పెంపొందింది. ఫ్లమెంకో అనగానే చాలామందికి కుచ్చుల పావడా కట్టి, మడమలతో నేలను మోగించే నర్తకి గుర్తుకు వస్తుంది. ఆ కళను ఎరిగినవారు మాత్రం అట్లా తలచరు. వారి దృష్టిలో ఫ్లమెంకోకు ప్రాణం గానం. గానాన్ని వారు 'కాంతే' అంటారు. నృత్యం 'బైలే', గిటారు వాదనం 'తోకే'. ఈ మూడింటిలో కాంతే ఇంటికి పెద్దక్క వంటిది. తక్కిన రెండూ దాని మాట విని నడిచేవి. 2010లో యునెస్కో సంస్థ మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో ఫ్లమెంకోను చేర్చింది.

గాయకుని పక్కన కూర్చున్న గిటారు వాద్యకారుని పని చూచేవారికి తేలికగా కనబడుతుంది. అతని ముందు స్వరాలు రాసిన కాగితం ఉండదు. గాయకుడు ఏ స్థాయిలో గొంతెత్తుతాడో, ఏ చరణం అందుకుంటాడో, ఏ పాదాన్ని ఎంతసేపు సాగదీస్తాడో అతనికి ముందుగా తెలియదు. అయినా గళం ఎక్కడ వాలితే అక్కడ తీగ సిద్ధంగా ఉండాలి. మన పౌరాణిక నాటకాలలో పద్యం ఎత్తుకున్న నటుని గొంతును హార్మోనియం వాయించేవారు వెంబడించే తీరు గమనించినవారికి ఈ కష్టం కొంత బోధపడుతుంది. గిటారు విషయంలో మరొక చిక్కు కూడా ఉన్నది. హార్మోనియంలో ఏ మెట్టును షడ్జంగా తీసుకున్నా ధ్వని గుణం ఇంచుమించు ఒకటే. గిటారులో అట్లా కాదు. షడ్జం మారితే చేయి మారుతుంది. చేయి మారితే నాదమే మారిపోతుంది.

ఈ మాటను వివరించుకోవాలంటే వాద్యాన్ని కొంచెం పరిశీలించాలి. గిటారుకు ఆరు తీగలు. మంద్రం నుండి తారానికి వాటిని వరుసగా మి, లా, రే, సోల్, సి, మి అనే స్వరాలకు శ్రుతి చేస్తారు. మన సరిగమపదనిల వలె స్పెయిన్ వారికి దో, రే, మి, ఫా, సోల్, లా, సి అనే స్వరనామాలున్నవి. ఒక భేదం ఉన్నది. మన షడ్జం గాయకుని గొంతును బట్టి కదులుతుంది. ఒకరికి ఒకటో శ్రుతి, మరొకరికి ఐదో శ్రుతి. స్పెయిన్ వారి దో కదలదు; అది ఎవరు పాడినా ఒకే స్థాయిలో ఉండే ధ్వని. కాబట్టి అక్కడ 'ఈ పాటకు మి ఆధారం', 'ఆ పాటకు లా ఆధారం' అని విడిగా చెప్పుకోవలసి వస్తుంది. గిటారు మెడ మీద వీణకు వలెనే మెట్లు ఉంటాయి. ఒక్కొక్క మెట్టు ఒక్కొక్క స్వరస్థానం. పన్నెండు మెట్లకు ఒక స్థాయి పూర్తవుతుంది. మూడు నాలుగు స్వరాలు ఒకేసారి మోగేటట్లు తీగలను నొక్కి మీటితే పుట్టే స్వరసముదాయాన్ని గిటారు వాద్యకారులు 'కార్డు' అంటారు. మన సంగీతంలో వాయులీనం గాత్రాన్ని స్వరం వెంట స్వరంగా అనుసరిస్తుంది. ఫ్లమెంకో గిటారు అట్లా అనుసరించదు. గళం నడిచే దారి పొడవునా అక్కడక్కడ కార్డులనే దీపాలు పెట్టుకుంటూ పోతుంది.

ఫ్లమెంకో పాటలలో అధికభాగానికి ఆధారమైన స్వరక్రమం మనకు కొత్తది కాదు. శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం: ఇది అచ్చంగా మన ఎనిమిదవ మేళకర్త హనుమతోడి. పాశ్చాత్యులు దీనిని ఫ్రిజియన్ క్రమం అన్నారు. ఫ్లమెంకోలో దీనికి ఒక విశేషం తోడవుతుంది. ఆధార షడ్జం మీద వాయించే కార్డులో సాధారణ గాంధారానికి బదులు అంతర గాంధారం నిలుస్తుంది. అందువల్ల తోడిలో నడుస్తున్న పాట షడ్జం మీద వాలేసరికి వకుళాభరణపు ఛాయ తళుక్కుమంటుంది. ఆండలూసియా పాటలోని వేదన, వెలుగు కలిసిన రుచికి ఈ రెండు గాంధారాల పక్కపక్క నివాసం ఒక ప్రధాన కారణం.

ఈ క్రమంలో పాటను ముగించే కార్డుల వరుస కూడా ప్రసిద్ధమైనది. మి ఆధారమైతే లా మైనర్, సోల్, ఫా, మి అని నాలుగు కార్డులు మెట్లు దిగినట్లు దిగుతాయి. మన భాషలో చెప్పుకుంటే ఇవి మ, గ, రి, స అనే నాలుగు స్వరాల మీద నిలిపిన కార్డులు. దీనినే ఆండలూసియా ముగింపు అంటారు. ఇందులో చివరి రెండు అడుగులు, అంటే రి నుండి స కు దిగడం, అన్నిటికంటె ముఖ్యమైనవి. పాటలో ఏ పాదం ముగిసినా వినేవారి చెవి ఆ దిగుడు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

ఇక చేతి స్థానాల సంగతి. సంప్రదాయ గిటారు వాద్యకారులకు ప్రధానమైనవి రెండు. మి ఆధారంగా వాయించే పద్ధతికి 'పోర్ అర్రీబా' అని పేరు. అంటే 'పైన' అని అర్థం. లా ఆధారంగా వాయించే పద్ధతి 'పోర్ మేదియో', అంటే 'నడుమ'. వేళ్లు తీగల మీద నిలిచే చోటును బట్టి వచ్చిన పేర్లివి. రెండవ పద్ధతిలో పైన చెప్పిన ముగింపు రే మైనర్, దో, సి బెమోల్, లా అని మారుతుంది. వరుస మాత్రం అదే మ, గ, రి, స. సోలెయా అనే గంభీరమైన పాటను ఎక్కువగా మి ఆధారంగా వాయిస్తారు. దుఃఖభరితమైన సిగిరియాకు, వేగవంతమైన బులేరియాకు, తాంగోకు లా ఆధారం వాడుక. ఇవి నియమాలు కావు, అలవాట్లు.

ఇక్కడ ఒక సందేహం కలగాలి. ఆధారాలు రెండే అయితే, రకరకాల గొంతులకు ఆ రెండూ ఎట్లా సరిపోతాయి? ఈ సమస్యను తీర్చే చిన్న సాధనం పేరు 'సెహియా'. మన దేశపు గిటారు వాద్యకారులు దీనిని కేపో అంటారు. సంప్రదాయ సెహియా ఒక చెక్కముక్క. దానిని మెడ మీద కావలసిన మెట్టు దగ్గర అడ్డంగా ఉంచి, దాని తాడును మెడ చుట్టూ తిప్పి, బిరడాకు చుట్టి బిగిస్తారు. అప్పుడు ఆరు తీగలూ ఆ చోటు నుండే మొదలైనట్లు అవుతాయి. సెహియా ఒక మెట్టు పైకి జరిగితే వాద్యం మొత్తం ఒక స్వరస్థానం పైకి పోతుంది. వాద్యకారుని వేళ్లకు మాత్రం ఏ మార్పూ లేదు. అవే ఆకృతులు, అవే కదలికలు. అందుకే ఫ్లమెంకో గాయకులు తమ శ్రుతిని స్వరం పేరుతో చెప్పరు. 'నాలుగులో, పోర్ మేదియో' అంటారు. సెహియాను నాలుగో మెట్టు మీద పెట్టి లా పద్ధతిలో వాయించమని దాని భావం. అప్పుడు వినిపించే షడ్జం దో కంటె ఒక స్వరస్థానం పైన ఉంటుంది. ఆ లెక్క గాయకునికి తెలియకపోవచ్చు, తెలియవలసిన అవసరమూ లేదు.

మి కి, దాని పైనున్న లా కి నడుమ దూరం అయిదు మెట్లు. ఈ ఒక్క సంఖ్య గుర్తుంటే తక్కిన గణితమంతా తేలిక. లా పద్ధతిలో రెండో మెట్టు మీద సెహియా పెడితే సి అనే స్వరం షడ్జమవుతుంది. మి పద్ధతిలో అదే షడ్జం కావాలంటే సెహియాను ఏడో మెట్టు మీద పెట్టాలి. గాయకుని గొంతుకు రెండూ ఒక్కటే. చెవికి మాత్రం ఒక్కటి కావు. రెండో మెట్టు దగ్గర తీగ పొడవుగా ఉంటుంది, మంద్రనాదం నిండుగా పలుకుతుంది. ఏడో మెట్టు దగ్గర తీగ పొట్టిదై, ధ్వని సన్నగా, మెరుపుగా వస్తుంది. అంతేకాక ఏ తీగలు నొక్కకుండా విడిగా మోగుతాయో అదీ మారుతుంది. మి పద్ధతిలో ఫా కార్డు పట్టినప్పుడు పై తీగలను నొక్కకుండా వదిలివేయడం ఫ్లమెంకో వాద్యకారుల అలవాటు. ఆ తీగల స్వరాలు ఫా కార్డుకు చెందినవి కావు; అయినా అవి మోగుతూ కార్డుకు ఒక కారపు ఘాటును చేకూరుస్తాయి. లా పద్ధతిలో సి బెమోల్ కార్డుకు ఇటువంటి ఘాటే మరొక తీరున వస్తుంది. ఇద్దరు వాద్యకారులు కలిసి వాయించేటప్పుడు ఒకరు రెండో మెట్టు మీద లా పద్ధతిలో, మరొకరు ఏడో మెట్టు మీద మి పద్ధతిలో వాయించడం కద్దు. షడ్జం ఒకటే, రంగులు రెండు.

ఈ వైవిధ్యం గొంతులు మారినప్పుడు మరింత ఉపయోగపడుతుంది. ఒక గాయకుడు మి పద్ధతిలో మూడో మెట్టు మీద సోలెయా పాడాడనుకుందాం. తరువాత పాడవలసిన గాయనికి అంతకంటె అయిదు స్వరస్థానాలు ఎగువన షడ్జం కావాలి. సెహియాను ఎనిమిదో మెట్టుకు జరిపితే లెక్క సరిపోతుంది కాని, తీగలు మరీ పొట్టివై గిటారు గొంతు పీలగా మారుతుంది. అనుభవజ్ఞుడైన వాద్యకారుడు సెహియాను కదపనే కదపడు. మూడో మెట్టు మీదనే ఉంచి, చేతిని మి పద్ధతి నుండి లా పద్ధతికి మారుస్తాడు.

మెట్టును ఎన్నుకోవడంలో అసలు ప్రమాదం గణితంలో లేదు. ఫ్లమెంకో గాయకులు తమ గొంతుకు సుఖమైన చోట పాడరు. గళపు పై అంచు దగ్గర, ఇంకొంచెం పోతే చీలిపోతుందేమో అన్నచోట పాడతారు. ఆ జీర, ఆ ఒరిపిడి ఆ కళలో దోషం కాదు, గుణం. సెహియా ఒక మెట్టు కిందికి ఉంటే గానం సుఖంగా సాగుతుంది. సాగుతుందే కాని శ్రోతను తాకదు. ఒక మెట్టు పైకి ఉంటే పతాక స్థానంలో గొంతు పగిలి, పదిమంది ఎదుట గాయకుడు తలవంచుకోవలసి వస్తుంది. పైగా గొంతు రోజూ ఒక తీరుగా ఉండదు. నిన్న నాలుగులో పాడినవాడు నేడు జలుబు వల్ల మూడు అడగవచ్చు, ఒక్కొక్కసారి అడగడానికి మొగమాటపడవచ్చు. అందుకే పాటకు ముందు గాయకుడు అర్థరహితమైన అక్షరాలతో గొంతు సవరించుకునే ఘట్టానికి అంత ప్రాముఖ్యం. 'తెంప్లే' అని పిలిచే ఆ ఆలాపనలో గాయకుడు శ్రుతి చూచుకుంటాడు, వాద్యకారుడు గాయకుణ్ణి చూచుకుంటాడు.

అన్ని పాటలూ ఈ రెండు ఆధారాలలోనే ఇమడవు. కాదిజ్ నగరపు అలెగ్రియా పాటలు ఉల్లాసభరితమైనవి. వాటిది మన శంకరాభరణపు స్వరక్రమం. గ్రనైనా అనే పాటకు సి ఆధారం. గనుల ప్రాంతపు తరాంతాకు ఫా కంటె ఒక స్వరస్థానం పైనున్న ఫా సోస్తెనీదో ఆధారం. ఈ చివరి దానిలో షడ్జపు కార్డు మోగుతుండగా నొక్కని తీగలైన సోల్, సి, మి కూడా కలిసి మోగుతాయి. పొందిక లేని ఆ స్వరాల ఒరిపిడి మొదటిసారి విన్నవారికి పొరపాటుగా తోస్తుంది. అదే తరాంతాకు గుర్తు.

ఆధారం ఒక్క పాటలోనే మారే సందర్భం కూడా ఉన్నది. అది ఫందాంగో. ఫ్లమెంకోలో ఇంత సొగసైన ఏర్పాటు మరొకటి లేదనవచ్చు. ఈ పాటలో గిటారు ఒంటరిగా మోగేటప్పుడు మి ఆధారమైన తోడి క్రమం నడుస్తుంది. గాయకుడు చరణం అందుకోగానే ఆధారం దో కు మారి, శంకరాభరణం మొదలవుతుంది. చరణానికి ఆరు పాదాలు. మొదటి పాదం దో కార్డు మీద వాలుతుంది, రెండవది ఫా మీద, మూడవది మళ్లీ దో మీద, నాలుగవది సోల్ మీద, అయిదవది దో మీద. ఆరవ పాదం ఫా మీదికి వచ్చి అక్కడ ఆగదు. అక్కడి నుండి మి కి దిగి, పాటను తిరిగి తోడి క్రమంలోకి చేరుస్తుంది. కర్ణాటక సంగీతం తెలిసినవారు దీనిలోని కిటుకును వెంటనే పట్టుకోగలరు. శంకరాభరణంలోని గాంధారాన్ని షడ్జంగా భావిస్తే హనుమతోడి వస్తుంది. మన శాస్త్రంలో దీనినే గ్రహభేదం అంటారు. ఫందాంగోలో స్వరాలు ఇంచుమించు అవే, ఇల్లు మారుతుంది. అయిదు పాదాలపాటు వెలుగులో నడిచిన పాట ఆరవ పాదంలో నీడలోకి దిగే క్షణం కోసమే శ్రోతలు ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. వాద్యకారుడు ఆ ఫా ను ఒక్క క్షణం ముందు వాయించినా, ఒక్క క్షణం ఆలస్యం చేసినా ఆ అనుభవం చెడుతుంది. ఇదే చరణాన్ని లా పద్ధతిలో వాయిస్తే శంకరాభరణం ఫా మీద నిలుస్తుంది. గ్రనైనాలో సోల్ మీద, తరాంతాలో రే మీద నిలుస్తుంది. ఎక్కడైనా ఆధార షడ్జానికి శుద్ధ ధైవతమే ఆ కొత్త షడ్జం.

సోలెయా వంటి పాటలకు తాళపు కట్టు ఉంటుంది. 'కొంపాస్' అనే ఆ ఆవర్తంలో పన్నెండు మాత్రలు. మూడు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు మాత్రల మీద ఊనిక. మూడో మాత్ర మీద ఫా, పదో మాత్ర మీద మి పడడం సామాన్యమైన నడక. తాళం దారి చూపుతుంది కాబట్టి వాద్యకారునికి కొంత ఊరట. మలాగేన్యా, గ్రనైనా, తరాంతా పాటలకు ఆ ఊరట కూడా లేదు. వాటిలో స్థిరమైన తాళం ఉండదు. గాయకుడు గమకాలతో, మెట్ల నడుమ దొరకని సూక్ష్మశ్రుతులతో స్వరాన్ని మెలితిప్పుతూ పోతాడు. గిటారు మెట్లు కదలవు గనుక ఆ మెలికలను అది అనుకరించలేదు. కనుక వాద్యకారుడు తొందరపడకుండా నిరీక్షించి, గళం వాలిన తరువాతనే కార్డును అందిస్తాడు. పాదానికీ పాదానికీ నడుమ ఒక చిన్న పలుకు పలికి, మళ్లీ మౌనం వహిస్తాడు. ఆ ఖాళీలలో తన చేతి నేర్పంతా చూపాలనే ఉబలాటం యువకులకు సహజం. గాయకులకు అంతగా కంటగింపైనది మరొకటి ఉండదు.

పంతొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో ఆండలూసియా పట్టణాలలో గానశాలల వంటి కాఫీ మందిరాలు వెలసినప్పటి నుండి గాయకుడు, గిటారు వాద్యకారుడు జంటగా వృత్తిలో స్థిరపడ్డారు. ఆ జంటలలో ప్రఖ్యాతమైనది అంతోనియో చాకోన్, రమోన్ మొంతోయాల జంట. 1929లో మరణించిన చాకోన్ మలాగేన్యా, గ్రనైనా పాటలకు కొత్త వైభవం తెచ్చిన గాయకుడు. ఎత్తయిన, సుకుమారమైన ఆయన గొంతుకు తగినట్లు మొంతోయా గిటారు వాదనాన్ని మెరుగుపెట్టాడు. తరువాత 1936లో పారిస్‌లో గిటారును ఒంటరిగా వాయించి రికార్డులు ఇచ్చి, ఒంటరి వాదనానికి బాట వేసినవాడూ ఆయనే. గాయకుని వెనుక ఎన్నో ఏళ్లు నడిచినవాని చేతి నుండి ఆ బాట వెలువడడం గమనింపదగినది.

1922 జూన్ నెలలో గ్రనాడాలోని అల్హంబ్రా కోటలో ఒక గానపోటీ జరిగింది. స్వరకర్త మనూయెల్ దే ఫాయా, కవి ఫెదెరీకో గార్సియా లోర్కా మొదలైనవారు ప్రాచీన గానం అంతరించిపోతున్నదనే ఆవేదనతో దానిని నిర్వహించారు. చాకోన్ న్యాయనిర్ణేతలకు అధ్యక్షుడు. బహుమతులు పొందినవారిలో డియేగో బెర్ముదెస్ అనే వృద్ధుడు, మనోలో కరకోల్ అనే పిల్లవాడు ఉన్నారు. ఒకే వేదిక మీద ముదుసలి గొంతు, లేత గొంతు! అటువంటి చోట సెహియా అనే చెక్కముక్క విలువ ఎంతటిదో ఊహించవచ్చు. ఫాయా తన రచనలో ఈ గానానికీ భారతీయ గానానికీ పోలికలు చూపాడు. జిప్సీల పూర్వికులు వాయవ్య భారతం నుండి తరలిపోయినవారని భాషాశాస్త్రం కూడా చెబుతున్నది. అయితే స్వరక్రమాలు కలిసినంత మాత్రాన ఆ పాట మన తోడి నుండి పుట్టిందనడం తొందరపాటు. పోలిక వేరు, చుట్టరికం వేరు.

ఇరవయ్యవ శతాబ్దిలో ఈ సంబంధానికి మరొక శిఖరం పాకో దే లూసియా, కమరోన్ దే లా ఇస్లాల జంట. 1969 నుండి 1977 వరకు వారిద్దరూ కలిసి వరుసగా ఆల్బములు వెలువరించారు. పాకో ఒంటరి వాదనంలో లోకమంతటా కీర్తి గడించిన తరువాత కూడా తాను గాయకుణ్ణి కావాలని కోరుకున్నవాణ్ణేనని చెప్పుకున్నాడు. కమరోన్ 1992లో, తన నలభై ఒకటవ ఏట మరణించాడు, పాకో 2014లో. వారి తొలి రికార్డులు వింటే గిటారు ఎక్కడ మోగుతున్నదో కాక, ఎక్కడ ఆగుతున్నదో గమనించడం మేలు.

గిటారుకు చోటే లేని పాటలు కూడా ఫ్లమెంకోలో ఉన్నవి. తోనా, మార్తినేతే అనేవి వాద్యం తోడు లేకుండా వట్టి గొంతుతో పాడేవి. మార్తినేతేకు కమ్మరి కొలిమితో సంబంధం చెబుతారు. వేదిక మీద ఒక్కొక్కసారి దాగలి మీద సుత్తి మోతే దానికి తోడు. సెహియా లేదు, మెట్టు లేదు; గాయకుడు ఎక్కడ గొంతెత్తితే అదే షడ్జం. ఆ పాట సాగినంతసేపు గిటారు వాద్యకారుడు రెండు చేతులూ వాద్యం మీద ఆనించి, తల వంచుకుని వింటూ కూర్చుంటాడు.